జీవనోపాధి – ప్రథమ సంవత్సర విద్యార్థి కర్తవ్యం

మానవ జీవితంలో విద్యార్థి దశ విత్తనాలు చల్లే కాలం వంటిది. అదను తప్పి చల్లిన విత్తనం మొలవకపోదు గాని, పంట చేతికందడం కష్టం. ఈ సంగతి రైతు బిడ్డలకు మేము చెప్పనక్కరలేదు. అయినను డిగ్రీలో చేరిన విద్యార్థులలో అధిక సంఖ్యాకులు మొదటి రెండు సంవత్సరాలు పరీక్షల ధ్యాసలోను, మూడవ సంవత్సరం ఆందోళనలోను గడిపి, పట్టా చేతికి వచ్చిన తరువాత "ఇక ఏమి చేయాలి?" అని మమ్ము ప్రశ్నిస్తున్నారు. ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వినట్లు కాకుండా, ఆ ప్రశ్నను కళాశాలలో అడుగుపెట్టిన నాడే వేసుకొనవలెనన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వ్యాసం వ్రాయడానికి మమ్ము పురికొల్పిన ఘటన ఒకటి కలదు. కొన్ని సంవత్సరాల క్రిందట మా వద్ద బి.కాం. చదివిన ఒక విద్యార్థి, పట్టా పొందిన మరుసటి ఏడు, మా ఉపాధ్యాయుల గదికి వచ్చాడు. అతని తండ్రి దర్జీ పని చేసి నలుగురు బిడ్డలను చదివించినవాడు. ఆ యువకుడు ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి వ్రాత పరీక్షలో నెగ్గాడు. కాని ధ్రువపత్రాల పరిశీలన నాడు రెండు లోపాలు బయటపడినవి. పదవ తరగతి పత్రంలో అతని పేరు ఒక రీతిగాను, డిగ్రీ పత్రంలో మరొక రీతిగాను ఉన్నది. కులధ్రువీకరణ పత్రమేమో రాష్ట్ర ప్రభుత్వ నమూనాలో ఉన్నది గాని, కేంద్ర ప్రభుత్వం కోరిన నమూనాలో లేదు. గడువు ముగిసింది, అవకాశం చేజారింది. అతడు మాతో నిష్ఠురంగా మాట్లాడలేదు. "సార్, ఈ మాట మాకు మొదటి సంవత్సరంలోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది గదా" అని మాత్రం అన్నాడు.

ఆ మాటకు మా వద్ద సమాధానం లేకపోయింది. మేము అతనికి మూడు సంవత్సరాలు గణక శాస్త్రం బోధించాము. వాణిజ్య చట్టం బోధించాము. అతడు ఏ ద్వారం వద్దకు వెళ్ళి నిలువవలెనో, చేతిలో ఏ కాగితం పట్టుకొని వెళ్ళవలెనో మాత్రం చెప్పలేదు. కావున ఈ వ్యాసం విద్యార్థులకు హితబోధ మాత్రమే కాదు. ఉపాధ్యాయులమైన మా లోపాన్ని మేము దిద్దుకొనే యత్నం కూడా.

మొదట తన్ను తాను తెలిసికొనుట

ఉద్యోగాన్వేషణ వార్తాపత్రికలోని ప్రకటనలతో ఆరంభం కాదు; తన శక్తి, తన ఆసక్తి, తన గృహ పరిస్థితి అనే మూడింటిని తూచుకొనడంతో ఆరంభమవుతుంది. ప్రతి ప్రథమ సంవత్సర విద్యార్థి ఒక నోటు పుస్తకం తీసికొని, మొదటి పుటను మూడు నిలువు గడులుగా విభజించుకొనవలెను. మొదటి గడిలో "నాకు చేతనైనవి" అని, రెండవ గడిలో "నాకు ఇష్టమైనవి" అని, మూడవ గడిలో "మా ఇంటికి కావలసినవి" అని వ్రాసికొనవలెను.

మూడవ గడిని చిన్నచూపు చూడరాదు. మన విద్యార్థులలో చాలామంది తమ వంశంలో కళాశాల గడప తొక్కిన మొదటివారు. డిగ్రీ పూర్తి అయిన ఆరు నెలలలో జీతం ఇంటికి రాకపోతే చెల్లెలి చదువు ఆగిపోయే ఇండ్లు ఉన్నవి. అట్టి విద్యార్థికి, నాలుగేండ్లు వేచి ఉండి సివిల్ సర్వీసు పరీక్ష వ్రాయుమని చెప్పడం సలహా కాదు. ముందు చిన్న ఉద్యోగంలో కుదురుకొని, అక్కడి నుండి పెద్ద పరీక్షకు సిద్ధపడుట అతనికి తగిన మార్గం. తండ్రికి దుకాణమో, పొలమో ఉన్న విద్యార్థి లెక్క వేరు. ఒకరి త్రోవ మరొకరికి సరిపడదు. స్నేహితుడు చేరాడని తానును ఒక శిక్షణ సంస్థలో రుసుము చెల్లించి చేరడం మన విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

ఈ పుటను ప్రతి సెమిస్టరు చివర తిరిగి చదివి సవరించుకొనవలెను. మొదటి నాడు వ్రాసినది చివరి వరకు నిలువనక్కరలేదు. ఏమియు వ్రాయకపోవడమే దోషం గాని, వ్రాసినదానిని మార్చుకొనడం దోషం కాదు.

రెండు భాషల సంపద

ఉర్దూ, తెలుగు అనే రెండు భాషలు ఒకే వరండాలో వినిపించే కళాశాల మనది. దీనిని కొందరు విద్యార్థులు లోపంగా భావిస్తున్నారు. "మాది ఆంగ్ల మాధ్యమం కాదు గదా" అని తలలు వంచుకొంటున్నారు. ఈ భావన సరియైనది కాదు.

ఒక్కసారి చరిత్రను స్మరించుదము. 1917లో హైదరాబాదులో అనువాద సంస్థ ఒకటి ఏర్పడినది. మరుసటి ఏడు, అనగా 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా స్థాపింపబడినది. విజ్ఞాన శాస్త్రం, న్యాయశాస్త్రం, వైద్యం సైతం ఒక భారతీయ భాషలో ఉన్నత స్థాయిలో బోధింపవచ్చునని ఆ విశ్వవిద్యాలయం నిరూపించినది. అదే హైదరాబాదులో 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడినది. తెలుగు కార్యాలయ వ్యవహారంలో మనం నిత్యం వాడే తహశీలు, దస్తావేజు, వకీలు, జామీను మొదలైన మాటలు ఉర్దూ, ఫారసీల ద్వారా వచ్చినవే. తెలంగాణ ప్రాంతపు పాత భూమి రికార్డులు ఉర్దూలో ఉన్నవి. వానిని చదివి తెలుగులో చెప్పగలవారు న్యాయవాదుల కార్యాలయాలలోను, రెవెన్యూ వ్యవహారాలలోను నేడు అరుదైపోతున్నారు.

తెలంగాణలో 2017లో రాష్ట్రమంతటికి ఉర్దూ రెండవ అధికార భాష అయినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఇందుకై శాసనం జరిగినది. అందువలన అనువాదకుల అవసరం ఏర్పడినది. అనువాదకుడు కావడానికి ఒక భాష మాట్లాడడం, మరొక భాష అర్థం చేసికొనడం చాలవు. రెండింటిని తప్పులు లేకుండా వ్రాయవలెను. కావున ఒక చిన్న ఏర్పాటు సూచిస్తున్నాము. ఉర్దూ మాధ్యమ విద్యార్థి ఒకరు, తెలుగు మాధ్యమ విద్యార్థి ఒకరు జంటగా ఏర్పడి, వారానికి రెండు పర్యాయాలు అరగంట చొప్పున ఒకరికొకరు లిపి నేర్పుకొనవలెను. దీనికి రుసుము లేదు, గురువు లేడు, శ్రద్ధ ఒక్కటే పెట్టుబడి.

పోటీ పరీక్షల విషయంలోను మాతృభాషకు స్థానం పెరిగినది. సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షను రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను వ్రాయవచ్చును. ఆ షెడ్యూలులో తెలుగు, ఉర్దూ రెండును ఉన్నవి. తెలంగాణలో గ్రూప్-1 ప్రధాన పరీక్షను ఆంగ్లం, తెలుగు, ఉర్దూలలో ఏదో ఒకదానిలో వ్రాయవచ్చును. రైల్వే నియామక పరీక్షలు ఈ రెండు భాషలలోను జరుగుతున్నవి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారు బహుళ సేవల సిబ్బంది పరీక్షను 13 ప్రాంతీయ భాషలలో కూడ నిర్వహించుటకు 2023లో ఏర్పాటు చేసినారు. వానిలో తెలుగు, ఉర్దూ చేరియున్నవి.

అయినను ఆంగ్లాన్ని విడిచిపెట్టవచ్చునని మా భావం కాదు. బ్యాంకు పరీక్షలలో ఆంగ్ల భాషా విభాగం ఒకటి ఉండనే ఉన్నది. సివిల్ సర్వీసులలో ఆంగ్లం అర్హతా పత్రం. మాతృభాష మనకు ఇల్లు వంటిది. ఆంగ్లం వీధి వంటిది. ఇంటిలో ఎంత సుఖమున్నను, పని కోసం వీధిలోనికి వెళ్ళక తప్పదు.

కొన్ని మార్గాలు

ప్రభుత్వ ఉద్యోగాలు: ఇంటర్మీడియెట్ అర్హతతోనే వ్రాయదగిన పరీక్షలు ఉన్నవని ప్రథమ సంవత్సర విద్యార్థులు పలువురు ఎరుగరు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి హయ్యర్ సెకండరీ స్థాయి పరీక్ష, రైల్వే వారి కొన్ని పదవుల పరీక్ష ఈ కోవకు చెందినవి. పదునెనిమిది సంవత్సరాలు నిండినవారు డిగ్రీ చదువుతూనే వీనిని వ్రాయవచ్చును. మొదటి పర్యాయం ఉద్యోగం రాకపోయినను పరీక్షా మందిరం భయం తీరుతుంది. బ్యాంకుల ప్రాథమిక పరీక్షలో 60 నిమిషాలలో 100 ప్రశ్నలకు సమాధానం వ్రాయవలెను. అనగా ప్రశ్నకు 36 సెకండ్లు. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులలో పావు వంతు కోత పడుతుంది. ఇట్టి వేగం చివరి సెమిస్టరులో రెండు నెలల శిక్షణతో అబ్బేది కాదు. దినానికి అరగంట చొప్పున సంవత్సరానికి 300 దినాలు లెక్కల అభ్యాసం చేసినచో, మూడు సంవత్సరాలలో 450 గంటలవుతాయి. ఆ విద్యార్థి ముందు ఏ శిక్షణ కేంద్రం నిలువగలదు?

ఉపాధ్యాయ వృత్తి: ఇది మన విద్యార్థులకు, ముఖ్యంగా విద్యార్థినులకు, ప్రియమైన మార్గం. కాని ఇందులో నియమాలు మారినవి. బి.ఇడి. పట్టా గలవారు 1 నుండి 5 తరగతుల ఉపాధ్యాయ పదవికి అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రాథమిక పాఠశాలలో బోధింప గోరువారు ప్రాథమిక విద్యలో డిప్లొమా పొందవలెను. ఉన్నత పాఠశాలలో బోధింప గోరువారు డిగ్రీలో తాము చదివే విషయాలు బి.ఇడి. పద్ధతులకు సరిపోవునో లేదో ముందే విచారించుకొనవలెను. ఉపాధ్యాయ అర్హతా పరీక్షలో ఒకసారి నెగ్గినచో ఆ అర్హత జీవితాంతం చెల్లునని 2021లో నిర్ణయం జరిగినది. ఉర్దూ మాధ్యమ పాఠశాలల పదవులు నియామక ప్రకటనలలో ప్రత్యేకంగా చూపబడతాయి. వానిని జాగ్రత్తగా గమనించవలెను.

వాణిజ్య రంగం: 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చిన తరువాత, చిన్న దుకాణదారుకు సైతం నియమిత కాలంలో లెక్కలు సమర్పించేవారు అవసరమైనారు. బి.కాం. విద్యార్థి రెండవ సంవత్సరం నాటికి కంప్యూటరుపై ఖాతాలు వ్రాయడం, పన్ను పత్రాలు నింపడం నేర్చుకొనవలెను. చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సులో వాణిజ్య పట్టభద్రులు 55 శాతం మార్కులతో ప్రాథమిక పరీక్ష లేకుండానే మధ్య స్థాయిలో చేరవచ్చును. ఇతర పట్టభద్రులకు 60 శాతం కావలెను. ఈ శాతం ఆరు సెమిస్టర్ల మొత్తం మీద వచ్చేది. మొదటి సెమిస్టరును నిర్లక్ష్యం చేసినవాడు చివరి సెమిస్టరులో ఎంత శ్రమించినను ఆ లోటు పూడడం కష్టం.

శిక్షార్థి పథకం: 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 2014లో సవరించి, ఇంజనీరింగేతర పట్టభద్రులకు కూడ అవకాశం కల్పించినారు. భృతి పొందుతూ పని నేర్చుకొనే ఈ మార్గాన్ని మన పట్టభద్రులు చాలినంతగా ఉపయోగించుకొనడం లేదు.

సైన్యం: ఎన్.సి.సి.లో ప్రథమ సంవత్సరంలోనే చేరిన విద్యార్థి మూడవ సంవత్సరాంతానికి 'సి' ధ్రువపత్రానికి అర్హుడు కాగలడు. ఆ పత్రం గల పట్టభద్రులకు సైన్యంలో అధికారులుగా చేరుటకు వ్రాత పరీక్ష లేని ప్రత్యేక ప్రవేశం కలదు. రెండవ సంవత్సరంలో మేల్కొన్నవారికి కాలం చాలదు. మొదటి సంవత్సరం విలువ ఏమిటో చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

విదేశోద్యోగం: గల్ఫు దేశాలలో మన బంధువులు లేని వీధి అరుదు. వెళ్ళవద్దని మేము చెప్పడం లేదు. కాని డిగ్రీ మధ్యలో విడిచి వెళ్ళిన యువకునికి, పట్టాతోను ఒక పనితనంతోను వెళ్ళిన యువకునికి అక్కడ లభించే జీతం, గౌరవం ఒకటి కావు. 1983 నాటి వలసల చట్టం క్రింద అనుమతి పొందిన ఏజెంటు మాత్రమే మనుషులను పంపవచ్చును. అతడు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. లక్షలు అడిగినవానిని నమ్మరాదు.

స్వయం ఉపాధి: ఉద్యోగమంటే కుర్చీ, బల్ల మాత్రమే కాదు. తండ్రి నడుపుతున్న దర్జీ దుకాణానికి లెక్కలు, ప్రకటన, కొత్త నమూనాలు చేర్చి పదిమందికి పని కల్పించిన కుమారుడు కూడ విద్యావంతుడే. చదువు వృత్తిని విడిపించడానికే అనుకొనడం పొరపాటు. వృత్తిని పెంచడానికి కూడ చదువు పనికివస్తుంది.

పనికి తగినవాడగుట

పట్టా తలుపు వద్దకు తీసికొని వెళ్తుంది. లోపల కూర్చుండబెట్టేది పనితనం. ఉద్యోగమిచ్చేవారు అడిగే గుణాలు ఏవి? అవి రహస్యాలు కావు. ఒక పుట చదివి దాని సారం ఐదు వాక్యాలలో చెప్పగలుగుట. తప్పులు లేని ఉత్తరం వ్రాయగలుగుట. శాతాలు, నిష్పత్తులు తడబడకుండ లెక్కించగలుగుట. కంప్యూటరుపై పత్రం తయారు చేసి, పట్టిక వేసి, పంపగలుగుట. నలుగురి ముందు నిలిచి మూడు నిమిషాలు మాట్లాడగలుగుట. చెప్పిన వేళకు వచ్చుట.

వీనిలో ఏ ఒక్కటి కూడ ధనికులకే పరిమితం కాదు. దినపత్రిక సంపాదకీయాన్ని రోజూ చదివి ఐదు వాక్యాలలో వ్రాయుట గ్రంథాలయంలో ఉచితం. తరగతిలో ప్రశ్న అడుగుట ఉచితం. చేతిలోని సెల్‌ఫోనులో వినోదానికి వెచ్చించే కాలంలో నాలుగవ వంతును 2017లో ప్రారంభమైన స్వయం పాఠాలకు మళ్ళించుట కూడ ఉచితమే. జాతీయ సేవా పథకంలో రెండు సంవత్సరాలలో 240 గంటలు పనిచేసిన విద్యార్థి, పల్లెలో పదిమందిని కూడగట్టి ఒక పని నెరవేర్చడం నేర్చుకొంటాడు. మౌఖిక పరీక్షలో "నీవేమి చేశావు?" అని అడిగినప్పుడు చెప్పడానికి అతనికొక అనుభవం ఉంటుంది. కేవలం మార్కులు గలవానికి ఆ ప్రశ్న ఎదుట మౌనమే మిగులుతుంది.

కాగితాల సంగతి

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఆ దర్జీ కుమారుని ఉదంతం వలన దీని బరువు తెలిసినది. మన విద్యార్థుల పేర్లు ఉర్దూ నుండి తెలుగులోనికి, తెలుగు నుండి ఆంగ్లంలోనికి వెళ్ళే సరికి రూపాలు మారుతున్నవి. ఒకే పేరు ఒక పత్రంలో ఎం.డి. అని, మరొకదానిలో మొహమ్మద్ అని, వేరొకదానిలో ముహమ్మద్ అని ఉంటున్నది. తెలుగువారి ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరొకచోట పొడి అక్షరంగా కనిపిస్తున్నది. పదవ తరగతి ధ్రువపత్రాన్ని మూలంగా పెట్టుకొని, ఆధారు కార్డు, బ్యాంకు ఖాతా, కళాశాల నమోదు అన్నియు దానితో అక్షరం అక్షరం సరిపోవునట్లు ప్రథమ సంవత్సరంలోనే చూచుకొనవలెను. పదవ తరగతి పత్రంలోనే తప్పు ఉన్నచో, దానిని దిద్దించుకొనుటకు చాలా కాలం పట్టవచ్చును గనుక వెంటనే ఆరంభించవలెను.

రిజర్వేషన్ పత్రాల విషయం మరొకటి. 2007 నాటి శాసనం ప్రకారం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ క్రింద 4 శాతం కేటాయింపు రాష్ట్ర స్థాయిలో వర్తిస్తున్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు వెనుకబడిన తరగతుల పత్రం వేరు నమూనాలో, సంపన్న శ్రేణికి చెందరన్న ధ్రువీకరణతో ఉండవలెను. ఈ కేటాయింపులు వేటికీ చెందని పేద కుటుంబాల వారికి 2019 నుండి 10 శాతం కేటాయింపు ఉన్నది. దాని పత్రం వేరు. ఏ పత్రం, ఏ తేదీ నాటిది, ఏ నమూనాలో అనే మూడు ప్రశ్నలను ప్రతి ప్రకటన చదివేటప్పుడు వేసికొనవలెను.

ఆరు సెమిస్టర్ల ప్రణాళిక

మొదటి సెమిస్టరులో కాగితాలు సరిచేసికొని, మూడు గడుల పుటను నింపి, ఎన్.సి.సి.లో గాని జాతీయ సేవా పథకంలో గాని చేరవలెను. రెండవ సెమిస్టరులో కంప్యూటరు ప్రాథమిక జ్ఞానం, ఆంగ్ల పఠనం అలవరచుకొనవలెను. వేసవి సెలవులలో ఏదైనా దుకాణంలోనో, కార్యాలయంలోనో ఒక నెల పని చేసి చూడవలెను. జీతం కన్న అనుభవం ముఖ్యం. మూడవ సెమిస్టరులో రెండు మార్గాలను ఎన్నుకొనవలెను: ఒకటి కోరిన మార్గం, రెండవది తప్పనిసరి అయినచో పట్టుకొనే మార్గం. నాలుగవ సెమిస్టరులో ఆ మార్గాలలో ఇప్పటికే ఉన్న ముగ్గురు వ్యక్తులను కలిసి, వారి దినచర్య, జీతం, కష్టనష్టాలు అడిగి తెలిసికొనవలెను. ఐదవ సెమిస్టరులో ఒక పోటీ పరీక్ష గాని, ఉన్నత విద్యా ప్రవేశ పరీక్ష గాని ఎంచుకొని పాత ప్రశ్నపత్రాలు గడియారం ముందు పెట్టుకొని వ్రాయవలెను. ఆరవ సెమిస్టరు దరఖాస్తుల కాలం. అప్పటికి అడగవలసిన ప్రశ్నలన్నియు అడిగివేసి ఉండవలెను.

విద్యార్థినుల విషయం

తరగతిలో ముందు వరుస మార్కులు సంపాదించిన విద్యార్థినులలో కొందరు పట్టా పొందిన తరువాత కనిపించకుండ పోతున్నారు. శక్తి లేక కాదు. ఇంటిలో ఈ విషయం మాట్లాడే సమయం రాకమునుపే వారి భవిష్యత్తు నిర్ణయమైపోవడం వలన. అమ్మాయిలారా, మీ ఆశయాన్ని మూడవ సంవత్సరం చివర ఒక్కసారిగా చెప్పినచో తల్లిదండ్రులకు అది ఎదిరింపుగా తోచవచ్చును. మొదటి సంవత్సరం నుండి కొద్దికొద్దిగా చెప్పుచూ వచ్చినచో అది ఇంటివారి ఆశయం కూడ అవుతుంది. ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థినిని మీ ఇంటికి ఒకసారి ఆహ్వానించి మీ అమ్మగారితో మాట్లాడించండి. మా పది ఉపన్యాసాల కన్న ఆ ఒక్క సంభాషణ ఎక్కువ పని చేస్తుందని మా నమ్మకం.

పాలక సంఘం వారికి మా మనవి

రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును ప్రసాదించినది. ఆ హక్కు భవనంతోను, ఉత్తీర్ణతా శాతంతోను సార్థకం కాదు. మన కళాశాల ప్రతి ఏటా ఎంతమంది ఉత్తీర్ణులైనారో సగర్వంగా ప్రకటిస్తున్నది. ఆ ఉత్తీర్ణులు ఏమైనారో మాత్రం మన వద్ద లెక్క లేదు. 1994లో ఏర్పడిన జాతీయ మదింపు సంస్థ సైతం కళాశాలలను ఈ లెక్క అడుగుతున్నది. ఆ సంస్థ అడిగినందుకు గాక, మనకోసమే మనం ఈ లెక్క పెట్టవలసి ఉన్నది.

కావున నాలుగు మనవులు చేస్తున్నాము. ఒకటి, ప్రవేశాలు ముగిసిన మొదటి నెలలో ఒక దినాన్ని ధ్రువపత్రాల పరిశీలన దినంగా పాటించి, ప్రతి విద్యార్థి పత్రాలలోని పేరు, పుట్టిన తేదీ సరిచూడవలెను. రెండు, కాలపట్టికలో వారానికి ఒక గంట ఉద్యోగ మార్గదర్శకత్వానికి కేటాయించవలెను. మూడు, కంప్యూటరు గదిని తరగతుల తరువాత ఒక గంట తెరచి ఉంచవలెను. విద్యార్థినులు చీకటి పడకముందే ఇల్లు చేరునట్లు వారికి వేరు వేళ నిర్ణయించవలెను. నాలుగు, పట్టా పొందిన ప్రతి విద్యార్థి ఒక సంవత్సరం తరువాత ఏమి చేస్తున్నాడో ఒక రిజిస్టరులో వ్రాయవలెను. వీనిలో దేనికిని కొత్త భవనం అక్కరలేదు; అధిక వ్యయం లేదు. మా వంతు శ్రమ మేము చేయుటకు సిద్ధంగా ఉన్నాము.

ముగింపు

ఆ దర్జీ కుమారుడు నిరాశపడి కూర్చుండలేదు. పేరు దిద్దించుకొన్నాడు, సరియైన నమూనాలో పత్రం తెచ్చుకొన్నాడు, ఒక దుకాణంలో లెక్కలు వ్రాస్తూ మరల పరీక్షలకు సిద్ధపడుతున్నాడు. కాని అతడు పోగొట్టుకొన్న సంవత్సరాన్ని మేము తిరిగి ఇవ్వలేము. ఈ సంవత్సరం మన కళాశాలలో చేరిన ప్రథమ సంవత్సర విద్యార్థులకు ఇంకను ఆ సంవత్సరం చేతిలోనే ఉన్నది. ఈ సంచిక ముగించి ప్రక్కన పెట్టకముందే నోటు పుస్తకం తెరచి మూడు గడులు గీయండి. సందేహం కలిగినచో మా గది తలుపు తట్టండి. ఈసారి మా వద్ద సమాధానం ఉండునట్లు మేమును చదువుకొని కూర్చుంటాము.